పాతికేళ్ళుగా బోర్డు ముందే: గుంటూరు గ్రాండ్‌మాస్టర్ గురించి మీ ప్రశ్నలు

ఈ నెల ఉత్తరాల్లో చాలావాటిలో చదరంగం గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ పేరుంది. 2025 నవంబరులో గోవాలో జరిగిన ప్రపంచకప్ చూసి రాసినవాళ్ళే ఎక్కువ. అందుకే ఈసారి అతని కెరీర్, అతను ఆడిన ఈ పాతికేళ్ళలో టోర్నమెంట్లు మారిన తీరు, వీటికి సంబంధించిన ప్రశ్నలే ముందు తీసుకున్నాను. మిగతావి వచ్చే నెల.

తెనాలి నుంచి ఒక పాఠకుడు: మేడమ్, హరికృష్ణ గ్రాండ్‌మాస్టర్ అయినప్పుడు పేపర్లో వచ్చిన ఫొటో కత్తిరించి నోట్‌బుక్‌లో అంటించుకున్నవాణ్ణి నేను. ఆనంద్ తర్వాత ఇతనే అనుకున్నాం. ప్రపంచ చాంపియన్ కాలేదు, చాంపియన్‌తో తలపడేది ఎవరో తేల్చే క్యాండిడేట్స్ టోర్నమెంట్‌కి కూడా వెళ్ళలేదు. మొన్న మా ఆఫీసులో ఒకాయన "అంత టాలెంట్ ఉండి ఏం సాధించాడండీ" అన్నాడు. మనసు చివుక్కుమంది కానీ జవాబు చెప్పలేకపోయాను.

ఆ మాట నేనూ చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ కోపం వస్తుంది. కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను, మీరు ఆయనకి చదివి వినిపించండి.

1996లో పదేళ్ళలోపు పిల్లల ప్రపంచ చాంపియన్. 2000లో దేశాల జట్లు పోటీపడే ఒలింపియాడ్‌లో, ఇస్తాంబుల్‌లో, దేశం తరఫున ఆడేనాటికి 14 ఏళ్ళు. 2001లో గ్రాండ్‌మాస్టర్, అప్పటికి మన దేశంలో అంత చిన్న వయసులో ఆ టైటిల్ ఎవరికీ రాలేదు. అప్పుడు "దేశంలో ఆరో గ్రాండ్‌మాస్టర్" అని రాశారు, ఆ ఆరు అంకె విలువ ఇప్పటివాళ్ళకి అంత తేలిగ్గా అర్థం కాదు. ఆనంద్ 1988లో మొదటివాడైతే, పదమూడేళ్ళలో ఇంత పెద్ద దేశానికి ఆరుగురే వచ్చారు. ఇప్పుడు ఆ లెక్క 90 దాటింది.

అది ఎలాంటి కాలమో నేను చూశాను కాబట్టి చెబుతున్నా. మేం జిల్లా టోర్నమెంట్లు ఆడేటప్పుడు కల్యాణమండపంలో భోజనాల బల్లలే మా బల్లలు. ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే పెయిరింగ్ స్కెచ్ పెన్‌తో అట్ట మీద రాసి గోడకి అంటించేవాళ్ళు, అందరం దాని మీదకి ఎగబడేవాళ్ళం. గడియారం కీ ఇచ్చేది, ముల్లు పన్నెండు దగ్గరకొచ్చేసరికి చిన్న ఎర్రజెండా పైకి లేస్తుంది, అది పడిందంటే ఆట పోయినట్టే, ఎత్తు ఎత్తుకీ కొన్ని సెకన్లు కలిపే ఇంక్రిమెంట్ అనే మాటే తెలియదు. మా ఊళ్ళో ఓపెనింగ్ పుస్తకం ఒకటే ఉండేది, దాన్ని పదకొండు మందిమి జిరాక్స్ తీయించుకున్నాం, నా కాపీలో మూడు పేజీల్లో సగం సగం అక్షరాలు పడలేదు, ఆ ఎత్తులు నేను ఈరోజుకీ సరిగా ఆడలేను. అలాంటి జిల్లాల నుంచి ఒక కుర్రాడు వెళ్ళి 2004లో కొచ్చిలో ప్రపంచ జూనియర్ చాంపియన్ అయ్యాడు. అంతకుముందు మన దేశం నుంచి ఆ టైటిల్ గెలిచింది ఆనంద్ ఒక్కడే.

ఆ తర్వాత 2011లో ఆసియా చాంపియన్. 2012లో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జీ అనే సముద్రతీరపు ఊళ్ళో ఏటా జనవరిలో జరిగే టాటా స్టీల్ టోర్నమెంట్‌లో బి గ్రూప్ గెలిచి, మరుసటి ఏడు ఎ గ్రూప్‌లో ప్రపంచ మేటి ఆటగాళ్ళ పక్కన కూర్చున్నాడు. 2016 చివర్లో రేటింగ్, అంటే ఆటగాడి బలాన్ని చెప్పే అంకె, 2770కి చేరింది, ప్రపంచంలో మొదటి పది మందిలోకి వచ్చాడు. ఆఫీసులో ఆయన్ని అడగండి, మన రెండు రాష్ట్రాల్లో ఏ రంగంలోనైనా సరే ప్రపంచంలో మొదటి పదిలో నిలబడ్డవాళ్ళని ఎంతమందిని లెక్కపెట్టగలరో.

క్యాండిడేట్స్ సంగతి నిజమే, అక్కడికి వెళ్ళలేదు. ఆ టోర్నమెంట్‌లో సీట్లు ఎనిమిది. వాటిలో కొన్ని ప్రపంచకప్‌లాంటి నాకౌట్ల నుంచి వస్తాయి, నాకౌట్‌లో ఒక్క చెడ్డ రోజు చాలు ఇంటికి రావడానికి. ఆటలో అతని బలం వేరే రకం. పావులు తగ్గిపోయిన చివరి దశలో, అంటే ఎండ్‌గేమ్‌లో, చిన్న ఆధిక్యాన్ని పట్టుకుని నలభై, యాభై ఎత్తులు ఓపిగ్గా నెట్టుకుంటూ పోయే ఆట అతనిది. సుదీర్ఘంగా సాగే టోర్నమెంట్లలో ఆ ఓపిక ఫలిస్తుంది, రెండు ఆటల నాకౌట్‌లో దానికి టైమ్ ఉండదు. ఇది నా అభిప్రాయం, వేరేగా అనేవాళ్ళూ ఉంటారు.

నన్ను అన్నిటికంటే కదిలించేది 2024. ఆ సెప్టెంబరులో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో మన పురుషుల జట్టు తొలిసారి స్వర్ణం గెలిచింది. గుకేశ్, ప్రజ్ఞానంద, అర్జున్, విదిత్, ఐదోవాడు హరికృష్ణ. 2016లో బాకు ఒలింపియాడ్‌లో మొదటి బోర్డు మీద ఆడినవాడు ఇక్కడ రిజర్వ్. తనకంటే పదిహేడేళ్ళు, ఇరవై ఏళ్ళు చిన్నవాళ్ళు ఆడుతుంటే కొద్ది ఆటలే ఆడి, మిగతా రోజుల్లో పక్కన ఉన్నాడు. ఆ ఏడాది డిసెంబరులో సింగపూర్‌లో అప్పటి చాంపియన్, చైనా ఆటగాడు డింగ్ లిరెన్‌ని ఓడించి గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాక తన సహాయక బృందం పేర్లు బయటపెట్టాడు, అందులోనూ హరికృష్ణ ఉన్నాడు. ఇలాంటి సహాయకుణ్ణి సెకండ్ అంటారు, అది ఏం పనో చాలామందికి తెలియదు. రేపటి ఆటలో ప్రత్యర్థి ఏ ఓపెనింగ్ వేయొచ్చో ఊహించి, దానికి ఎవరూ చూడని ఎత్తు ఒకటి వెతికి, కంప్యూటర్‌తో సరిచూసి, ఆటగాడికి గుర్తుండేలా చిన్నదిగా చేసి పొద్దుటికి అందించాలి. ఆటగాడు పడుకున్నాకే వీళ్ళ పని జోరందుకుంటుంది. పేరు బయటికి రాకూడదు, దొరికిన కొత్త ఎత్తు తన ఆటల్లో ముందే వాడేసుకోకూడదు. టాప్ 10లో ఉండి వచ్చిన మనిషి ఆ పనికి కూర్చున్నాడంటే ఆట మీద ఎంత ఇష్టముండాలి?

సరే, ఇక అంతటితో ఆపేశాడా అంటే అదీ లేదు. 39 ఏళ్ళ వయసులో గోవా ప్రపంచకప్‌లో 206 మంది మొదలుపెడితే చివరి 16 మందిలో నిలిచి, మెక్సికో ఆటగాడు మార్టినెజ్ చేతిలో ఓడాడు. ఆ టోర్నమెంట్ గెలిచిన ఉజ్బెకిస్థాన్ కుర్రాడు సిందరోవ్‌కి 19 ఏళ్ళు, అంటే హరికృష్ణ గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి ఇంకా పుట్టలేదు.

ఏం సాధించాడని అడిగితే మీ నోట్‌బుక్‌లో ఆ ఫొటో చూపించండి, ఆ తర్వాత గోవా ఫొటో చూపించండి. మధ్యలో ఇరవై నాలుగేళ్ళున్నాయి, అన్నేళ్ళూ ఆడుతూనే ఉన్నాడు.

హనుమకొండ నుంచి ఒక డిగ్రీ విద్యార్థి: మా ఊరి అర్జున్ ఎరిగైసి రేటింగ్‌లో 2800 దాటాడు. హరికృష్ణ కంటే తక్కువ కాలంలో ఎక్కువ ఎత్తుకి వెళ్ళాడు కదా. ఇది టాలెంట్ తేడానా, లేక కాలం తేడానా?

రెండూ ఉన్నాయి, కానీ నువ్వు అడిగిన రెండోదాని గురించే ఎక్కువ చెప్పాలి తమ్ముడూ, ఎందుకంటే టాలెంట్‌ని కొలిచే తూకంరాళ్ళు నా దగ్గర లేవు.

ఒక పోలిక చూడు. హరికృష్ణ 2012లో గెలిచిన ఆ టాటా స్టీల్ రెండో గ్రూప్‌నే, ఇప్పుడు దాన్ని చాలెంజర్స్ అంటున్నారు, సరిగ్గా పదేళ్ళకి 2022లో అర్జున్ గెలిచాడు. 2023లో మాస్టర్స్ గ్రూప్‌లో, అంటే పాత ఎ గ్రూప్‌లో, కూర్చున్నాడు, అక్కడ అట్టడుగున ముగించాడు. చాలామందికి అది గుర్తుండదు, నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే మా క్లాసులో పిల్లలు ఆ పదమూడు రౌండ్లూ లైవ్‌లో చూసి రోజూ మొహాలు వేలాడేసుకుని వచ్చేవాళ్ళు. ఆ తర్వాత అతను చేసిన పనే అసలు పాఠం. పెద్ద ఆహ్వాన టోర్నమెంట్లు అందరినీ పిలవవు, ఉన్న కొద్ది కుర్చీల్లో ఎప్పుడూ వాళ్ళే తిరుగుతుంటారు. పిలుపు కోసం ఎదురుచూడకుండా, ఎవరైనా చేరగలిగే ఓపెన్ టోర్నమెంట్లు ఆడటం మొదలుపెట్టాడు. ఓపెన్‌లో తనకంటే వంద, రెండొందల పాయింట్లు తక్కువవాళ్ళతో ఆడాలి, డ్రా అయినా రేటింగ్ పోతుంది, గెలిస్తే వచ్చేది మహా అయితే మూడు, నాలుగు పాయింట్లు. అంత రేటింగ్ ఉన్నవాళ్ళు సాధారణంగా ఆ సాహసం చెయ్యరు. అతను మెనోర్కా ఓపెన్ ఆడాడు, ఆర్మేనియాలో ఆడాడు, లీగులు ఆడాడు, గెలుస్తూ పోయాడు. 2024 ఒలింపియాడ్‌లో మూడో బోర్డు మీద 11కి 10 పాయింట్లు, వ్యక్తిగత స్వర్ణం. అదే ఏడాది అక్టోబరులో యూరోపియన్ క్లబ్ కప్‌లో, ఆట ఆటకీ లెక్కకట్టే లైవ్ రేటింగ్ 2800 దాటింది. ఆనంద్ తర్వాత మన దేశంలో అతనే, ప్రపంచంలో పదహారో మనిషి.

ఇప్పుడు కాలం సంగతి. హరికృష్ణ చదరంగాన్ని మూడుసార్లు నేర్చుకున్నాడని నేను అంటుంటాను. మొదట పుస్తకాలతో, పావులు జరుపుకుంటూ. తర్వాత డేటాబేస్ వచ్చింది, ఎవరు ఏ దేశంలో ఏం ఆడారో వారం తిరక్కుండా తెలిసిపోయేది. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటర్ ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్‌ని ఓడించినా, ఆ తర్వాత కొన్నేళ్ళు కూడా ఇంజిన్, అంటే చదరంగం ప్రోగ్రాం, చెప్పిందల్లా నమ్మకూడదనే అనుకునేవాళ్ళం. మూడోది 2017 తర్వాత, తనతో తనే ఆడుకుని నేర్చుకున్న ఆల్ఫాజీరో ప్రోగ్రాం వచ్చి, అందరూ వాడే స్టాక్‌ఫిష్ ఇంజిన్‌లో కూడా అలాంటి న్యూరల్ నెట్‌వర్క్ చేరాక. అక్కడితో పాత అభిప్రాయాలు ఎన్నో తలకిందులయ్యాయి, అంచు బంటుని ముందుకు తోసుకుంటూ పోవడం తప్పని పిల్లలకి చెప్పిన నేనే ఇప్పుడు అదే నేర్పుతున్నాను. అర్జున్ తరానికి ఈ మూడోదే మొదటి పాఠం. వాళ్ళు మర్చిపోవాల్సింది తక్కువ. నలభైకి దగ్గరపడుతూ, పాతికేళ్ళ అలవాట్లు చెరిపేసి కొత్తగా రాసుకోవడం ఎంత కష్టమో నా వయసువాళ్ళకి తెలుసు.

డబ్బు కూడా మారింది. హరికృష్ణలాంటివాళ్ళు యూరప్ లీగుల మీద ఆధారపడ్డారు, చెక్ దేశంలో నోవీ బోర్ క్లబ్‌కి ఆడాడతను, ఇప్పుడు ఉంటున్నదీ ప్రాగ్‌లోనే. శని, ఆదివారాలు జట్టు తరఫున ఆడితే ఆ ఫీజుతో నెల గడుస్తుంది. కోనేరు హంపిలా ఓఎన్‌జీసీలాంటి ప్రభుత్వరంగ సంస్థల్లో ఉద్యోగం చేస్తూ ఆడేవాళ్ళూ ఉన్నారు. అర్జున్‌కి 2024లో క్వాంట్‌బాక్స్ అనే కంపెనీ అయిదేళ్ళకి 15 లక్షల డాలర్ల స్పాన్సర్‌షిప్ ఇచ్చింది. మన దేశంలోనే 2018 నుంచి కోల్‌కతాలో టాటా స్టీల్ ఇండియా, 2023 నుంచి చెన్నై గ్రాండ్‌మాస్టర్స్ వచ్చాయి, అదే ఏడాది దుబాయ్‌లో గ్లోబల్ చెస్ లీగ్ మొదలైంది. ఇవేవీ 2001లో లేవు.

అందుకే ఇద్దరినీ తూకం వెయ్యొద్దు. బుడాపెస్ట్‌లో ఇద్దరి మెడలోనూ ఒకే పతకం ఉంది.

విజయవాడ నుంచి ఒక అమ్మ: మా బాబుకి పన్నెండేళ్ళు, రేటింగ్ 1850. వాడు నేర్చుకునే అకాడమీలో "స్కూలు మాన్పించి మూడు నెలలు సెర్బియా, స్పెయిన్ పంపండి, నార్మ్‌లు అక్కడే వస్తాయి, ఆరు లక్షలవుతుంది" అంటున్నారు. మా ఆయన ఊళ్ళో స్థలం అమ్మేద్దామంటున్నారు. హరికృష్ణ, హంపి కూడా చిన్నప్పుడు విదేశాలు వెళ్ళే కదా గ్రాండ్‌మాస్టర్లు అయ్యారు?

అమ్మా, స్థలం అమ్మకండి. కనీసం ఇప్పుడు అమ్మకండి.

నార్మ్ అంటే ఏమిటో ముందు చూడండి. గ్రాండ్‌మాస్టర్ నార్మ్ కావాలంటే తొమ్మిది ఆటల టోర్నమెంట్‌లో 2600 స్థాయి ప్రదర్శన చెయ్యాలి, ప్రత్యర్థుల సగటు రేటింగ్ 2380కి తగ్గకూడదు, వాళ్ళలో టైటిల్ ఉన్నవాళ్ళు, వేరే దేశాలవాళ్ళు ఉండాలి. అలాంటివి మొత్తం 27 ఆటలకి సరిపడా మూడు, దాంతోపాటు ఒక్కసారైనా రేటింగ్ 2500 తాకాలి. ఇంటర్నేషనల్ మాస్టర్‌కి 2450 ప్రదర్శన, 2400 రేటింగ్. 1850 రేటింగ్ ఉన్న పిల్లవాడికి ఈ రెండూ ఇప్పుడు అందవు, ఇది వాణ్ణి తక్కువ చెయ్యడం కాదు, పన్నెండేళ్ళకి 1850 మంచి రేటింగే. నార్మ్ పేరు చెప్పి ఆ స్థాయి పిల్లవాణ్ణి మూడు నెలలు పంపమనేవాళ్ళు మీకు నిజం మొత్తం చెప్పడం లేదు.

హరికృష్ణ, హంపి రోజుల్లో విదేశాలకి వెళ్ళక తప్పేది కాదు, ఎందుకంటే ఇక్కడ గ్రాండ్‌మాస్టర్లే ఆరుగురు, ఏడుగురు, నార్మ్‌కి కావలసినంతమంది టైటిల్ ఆటగాళ్ళు ఒక హాల్లో దొరకడమే గగనం. హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ టైటిల్ పూర్తి చేసింది బుడాపెస్ట్‌లోనే. ఇప్పుడు ఢిల్లీ, భువనేశ్వర్, చెన్నై వంటి చోట్ల జరిగే ఓపెన్లకే విదేశీ గ్రాండ్‌మాస్టర్లు వస్తున్నారు. రెండు రోజులు రైల్లో పోతే మీ అబ్బాయికి 2100 వాళ్ళు, 2300 వాళ్ళు తొమ్మిది రౌండ్లూ దొరుకుతారు. ముందు 2000, తర్వాత 2200. అక్కడికొచ్చాక విదేశం గురించి మళ్ళీ నాకు రాయండి, అప్పుడు వద్దనను.

స్కూలు మాన్పించొద్దు. కావాలంటే హాజరు విషయంలో హెడ్‌మాస్టరు గారితో మాట్లాడండి, ఈ మధ్య చాలా స్కూళ్ళు వింటున్నాయి.

ఒక పని మాత్రం రేపటి నుంచే చేయించండి, దీనికి రూపాయి ఖర్చు లేదు. ఎత్తు వేశాక, ఎత్తులు రాసుకునే స్కోర్‌షీట్‌లో ఆ ఎత్తు పక్కన గడియారంలో ఎంత టైమ్ మిగిలిందో రాయమనండి, నిబంధనలు ఒప్పుకుంటాయి. పోయిన నెల మా దగ్గర ఒక పిల్లవాడి షీట్ చూశాను. 14వ ఎత్తు దగ్గర 71 నిమిషాలు, 15వ ఎత్తు దగ్గర 38. అంటే ఒక్క ఎత్తుకి ముప్పై మూడు నిమిషాలు, ఇంక్రిమెంట్ కలిపితే ఇంకో అరనిమిషం. తీరా అడిగితే, ప్రత్యర్థి ఏనుగు తీసి పక్క గడిలో పెట్టాడని భయపడ్డానన్నాడు, అందులో ఏమీ లేదు. 31వ ఎత్తుకి రెండు నిమిషాలు మిగిలాయి, 34లో గుర్రం పోయింది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెడితే 34వ ఎత్తు తప్పని చూపిస్తుంది. ఆట పోయింది 15 దగ్గర. ఇది ఇంజిన్ చెప్పదు, ఆ కాగితమే చెబుతుంది. అలాంటి షీట్లు ఇరవై పోగయ్యాక ఏ కోచ్ దగ్గరికి తీసుకెళ్ళినా వాడికి ఏం కావాలో అరగంటలో చెప్పగలరు.

నెల్లూరు నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి: నాకు 46 ఏళ్ళు, రేటింగ్ 1800. టోర్నమెంట్‌కి వెళ్తే పదేళ్ళ పిల్లలు కొట్టేస్తున్నారు. వాళ్ళు 1500 ఉంటారు, ఆడేది 1900 ఆట. రేటింగ్ కాపాడుకోవాలంటే ఆడకుండా ఉండటమే మేలా?

మీ లెక్క కరెక్టే, పిల్లల రేటింగ్ వాళ్ళ ఆట వెనకాల పరిగెడుతుంటుంది. 1500 పిల్లవాడి చేతిలో ఓడితే మీకు 17 పాయింట్లు పోతాయి. వాడు 18 ఏళ్ళలోపు, 2300 లోపు కాబట్టి పాయింట్లు లెక్కకట్టే గుణకం వాడికి మీకంటే రెట్టింపు, వాడికి 34 వస్తాయి. 2024 మార్చిలో ప్రపంచ చదరంగ సమాఖ్య ఫిడే 2000 లోపు వాళ్ళందరి రేటింగ్ పైకి సర్దింది, 1500 ఉన్నవాడు ఒక్క రోజులో 1700 అయ్యాడు, కనీస రేటింగ్ 1400 చేశారు. అయినా మన దేశంలో పిల్లలు ఇంత వేగంగా పెరుగుతుంటే ఈ తేడా పూర్తిగా పోదు.

ఆడకుండా ఉండొద్దు సార్. మీరు రేటింగ్ కోసం ఆడటం మొదలుపెట్టలేదు కదా. మిమ్మల్ని ఓడించిన పిల్లవాడితోనే పది నిమిషాలు కూర్చుని ఆట చూడండి, వాళ్ళకి అడిగినవాళ్ళకి చెప్పడం ఇష్టం. నేను అలా ఒక పదకొండేళ్ళ అమ్మాయి దగ్గర బంటు ఎండ్‌గేమ్ ఒకటి నేర్చుకున్నాను.

అమెరికాలోని డల్లాస్ నుంచి ఒక తండ్రి: మా పాప రోజూ మూడు గంటలు ఫోన్‌లో ఒక నిమిషం ఆటలు ఆడుతుంది. ఆన్‌లైన్ రేటింగ్ చాలా ఎక్కువ. నెమ్మదిగా ఆడే క్లాసికల్ టోర్నమెంట్‌కి తీసుకెళ్తే మూడు గంటల ఆటని ఇరవై నిమిషాల్లో ముగించి ఓడి వస్తోంది. అడిగితే "ఇప్పుడు అందరూ ఫాస్ట్ గేమ్సే కదా నాన్నా" అంటోంది.

పాప మాటలో సగం నిజముంది. 2020లో కోవిడ్ వచ్చి హాళ్ళు మూతపడ్డప్పుడు ఆటంతా ఫోన్లలోకి, లాప్‌టాప్‌ల్లోకి వెళ్ళింది. ఆ ఏడాది ఆన్‌లైన్ ఒలింపియాడ్‌లో హరికృష్ణ, హంపి, ద్రోణవల్లి హారిక ఉన్న మన జట్టు రష్యాతో కలిసి స్వర్ణం పంచుకుంది. ఫైనల్లో మనవాళ్ళిద్దరికి నెట్ పోయి టైమ్ అయిపోవడంతో ఫిడే అలా నిర్ణయించింది, ఆ సాయంత్రం మా ఇంట్లో అందరం స్క్రీన్ ముందు టెన్షన్‌తో చచ్చిపోయాం. 2025లో రియాద్‌లో ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో చదరంగం పెట్టారు, ఒక్కొక్కరికి పది నిమిషాలు, ఇంక్రిమెంట్ లేదు, అర్జున్ సెమీఫైనల్ దాకా వెళ్ళాడు. పావుల్ని మొదటి వరసలో కలిపేసి 960 రకాల్లో ఒక రకంతో మొదలుపెట్టే ఫ్రీస్టైల్ టోర్నమెంట్లకి కూడా పెద్ద డబ్బు వస్తోంది, లాస్ వేగాస్‌లో అర్జున్ అక్కడా సెమీస్ ఆడాడు. అంతకుముందే 2020లో స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో ఆ 960 ఆటల టోర్నమెంట్ గెలిచింది మన హరికృష్ణే.

మిగతా సగం ఇది. ఈ వేగం ఆటల్లో గెలిచేవాళ్ళ పేర్లు చూడండి, హంపి 2019లో మాస్కోలో, 2024లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ గెలిచింది, ఆమె చిన్నప్పటి నుంచి నాలుగైదు గంటల ఆటలు ఆడి వచ్చిన మనిషి. నెమ్మదిగా ఆలోచించి పోగేసుకున్నదాన్నే వాళ్ళు వేగంగా ఖర్చుపెడుతున్నారు. ఒక నిమిషం ఆటలో కొత్తగా పోగయ్యేది ఏమీ ఉండదు, వేళ్ళు వేగంగా కదులుతాయి, అంతే. నా సలహా, ఒక నిమిషం ఆటలు వారానికి ఒక రోజు. మిగతా రోజుల్లో పదిహేను నిమిషాలకి తగ్గని ఆట రోజుకి రెండు, ఓడినది ఒకటి ఇంజిన్ పెట్టకుండా మీతో కలిసి చూడాలి. మీకు ఆట రాకపోయినా పర్వాలేదు, "ఇక్కడ ఏమనుకున్నావమ్మా" అని అడిగితే చాలు. టోర్నమెంట్‌లో మాత్రం ఎత్తు తోచగానే చేతులు ఒళ్ళో పెట్టుకోమనండి. మా పిల్లలకి మొదటి నెల ఇదే నేర్పుతాం.

ఖమ్మం నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి: మేడమ్, నా రేటింగ్ 1640. అమ్మాయిల విభాగంలో ఆడితే ప్రైజ్ వస్తుంది, ఓపెన్‌లో ఆడితే మధ్యలో ఎక్కడో ఉంటాను. ఏది ఆడాలి?

ఎక్కువగా ఓపెన్ ఆడు తల్లీ. ఏడాదికి రెండు మూడు అమ్మాయిల టోర్నమెంట్లు, రాష్ట్ర, జాతీయ పోటీలు తప్పకుండా ఆడు, ఎంపికలు అక్కడ జరుగుతాయి, ప్రైజ్ మనీతో ప్రయాణం ఖర్చులూ వస్తాయి. హంపి 15 ఏళ్ళ ఒక నెల 27 రోజుల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయి, అతి చిన్న వయసులో ఆ టైటిల్ తెచ్చుకున్న మహిళగా హంగరీ క్రీడాకారిణి జుడిత్ పోల్గర్ రికార్డుని దాటింది మహిళా గ్రాండ్‌మాస్టర్ టైటిల్ దగ్గర ఆగకపోవడం వల్లే. ఆ టైటిల్‌కి 2300 చాలు, అసలు గ్రాండ్‌మాస్టర్‌కి 2500 కావాలి. మన హారిక కూడా 2011లో ఆ రెండోదే సాధించింది, ఆ తర్వాత మూడు ప్రపంచ చాంపియన్‌షిప్‌లలో కాంస్యం తెచ్చింది, 2022 చెన్నై ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఆడి జట్టుకి పతకం అందించింది.

నేను ఆడే రోజుల్లో హాల్లో నూటయాభై మంది ఉంటే అమ్మాయిలం ఎనిమిది మందిమి ఉండేవాళ్ళం, రాత్రి ఎక్కడ పడుకోవాలన్నదే పెద్ద సమస్య. ఇప్పుడు నీలాంటివాళ్ళ ఉత్తరాలు నెలకి పది వస్తున్నాయి. నార్వే చెస్‌లో 2024 నుంచి మహిళల టోర్నమెంట్‌కి పురుషులతో సమానంగా ప్రైజ్ మనీ ఇస్తున్నారు. నీ తరానికి ఓపెన్, మహిళలది రెండూ తెరిచే ఉన్నాయి, రెండూ వాడుకో. ఓపెన్‌లో మధ్యలో ఉన్నావని బాధపడకు, నీ పై బోర్డుల మీద ఉన్నవాళ్ళతో ఆడటానికే కదా వెళ్ళేది.

సత్తెనపల్లి నుంచి ఏడో తరగతి బాబు: మా తాతయ్య ఒంటె అంటారు, పుస్తకంలో శకటం అని ఉంది, మా సార్ బిషప్ అంటారు. ఏది కరెక్ట్?

మూడూ ఒకే పావు నాన్నా, మూడూ కరెక్టే. స్కోర్‌షీట్ రాసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరం రాయి. హరికృష్ణకి నాలుగేళ్ళప్పుడు ఆట నేర్పింది కూడా తాతగారే. మీ తాతయ్యతో ఆడేటప్పుడు ఒంటె అనే అను, ఆయన ఏ ఎత్తు ఎందుకు వేశారో ప్రతిసారీ అడుగు, వచ్చే నెల మీ ఆట ఒకటి రాసి పంపించు, చూస్తాను.